వాచిన మోకాలు, ఎండిన గొంతు

ఉద్యోగ విరమణ రోజున నా గురించి మాట్లాడినవాళ్లు నేను ఏ సంవత్సరం ఏ కుర్చీలో కూర్చున్నానో చాలాసేపు చదివారు. మెడలో దండ వేసుకుని వింటున్న నాకే ఆవలింతలొచ్చాయి. ఆ వివరాలేవీ ఇక్కడ రాయను. సభ అయ్యాక, ఒకప్పుడు మా వార్డులో హౌస్‌సర్జన్‌గా పనిచేసిన అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, ముసలివాళ్ల కీళ్ల గురించి మీకు తెలిసింది రాసిపెట్టండి. గుండె గురించి రాసేవాళ్లు బోలెడుమంది. మోకాలి గురించి ఎవరూ రాయరు" అంది. నిజమే. మోకాలి నొప్పితో ఎవరూ చచ్చిపోరని మనకొక ధీమా. ఆ ధీమా ఎంత తప్పో నాకు చూపించిన మనుషుల గురించి రాస్తున్నాను. వాళ్లకు నేను కృతజ్ఞురాలిని. ఆ మాట చివరిదాకా దాచుకోవడం నాకు చేతకాదు కనక ముందే చెప్పేస్తున్నాను.

మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. చదువు కోసం బయటికి పోయి, తొంభైల చివర్లో మా అనంతపురం జిల్లాలోనే ఒక సర్కారు ఆసుపత్రి మెడికల్ వార్డుకు వచ్చాను. జనం నన్ను డాక్టరమ్మా అన్నారు, కోపమొచ్చినప్పుడు ఏమ్మా అన్నారు. రెండూ బాగానే ఉండేవి.

ఇంట్లో వాతం, ఆసుపత్రిలో ఫ్లోరైడు

ఆ రోజుల్లో మా జిల్లాలో కీళ్ల నొప్పికి రెండే పేర్లు. ఇంట్లో దాని పేరు వాతం, ఆసుపత్రికి వస్తే ఫ్లోరైడు. వానలు లేక బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఫ్లోరైడు పెరిగిన మాట వాస్తవం. వంగిపోయిన నడుములు, గారపట్టిన పళ్లు లెక్కలేనన్ని చూశాను. దాని బాధ చిన్నది కాదు. అయితే దాన్ని చూసీ చూసీ మా డాక్టర్ల కళ్లు దానికే అలవాటు పడిపోయాయి. ముసలి మనిషి మోకాలు పట్టుకుని లోపలికి రావడం, మేము ఊరి పేరు అడగడం, చీటీ మీద ఫ్లోరైడు అని రాయడం. ఎముక ఫొటోలో ఎక్కడ తెల్లగా కనిపించినా అదే మాట.

వైద్యం నేర్చుకుంటున్న పిల్లలూ, ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఫ్లోరైడు నింపాదిగా పనిచేస్తుంది. మనిషిని వంచడానికి ఏళ్లు తీసుకుంటుంది. నిన్న బాగా నడిచిన మనిషికి ఈరోజు మోకాలు ఎర్రగా, వేడిగా కుండలా వాచి, దుప్పటి తగిలినా కేక పెడుతున్నాడంటే అది ఫ్లోరైడు చేసే పని కాదు. ముసలితనంలో అలా ఉన్నపళంగా వాచే కీళ్లలో చాలావాటికి కారణం స్ఫటికాలు. ఒంట్లో కరిగి ఉండాల్సినవి కీలులో సన్నని పలుకులుగా గట్టిపడతాయి, వాటి మీదికి ఒంట్లోని తెల్లకణాలు యుద్ధానికి పోయినట్టు పోతాయి. ఆ యుద్ధమే నొప్పి. యూరిక్ ఆసిడ్ పలుకులైతే గౌట్. కాల్షియం పలుకులైతే సూడోగౌట్, అంటే గౌట్ వేషం వేసుకుని వచ్చేది. ఈ రెండోది వయసు మళ్లినవాళ్లనే ఎక్కువగా పడుతుంది. మోకాలు, మణికట్టు దానికి ఇష్టమైన చోట్లు. ఏ జ్వరమో, ఆపరేషనో, ఒంట్లో నీరు ఎండిపోవడమో జరిగితే నిద్రలేస్తుంది. జ్వరం తెస్తుంది, ముసలివాళ్లకు మతి కూడా తప్పిస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు మెదడు జబ్బు అనుకుంటారు, మనం చీము అనుకుంటాం.

సుబ్బరామయ్య సార్ సూది

ఇదంతా పుస్తకంలో ఉంది, నేనూ చదివే వచ్చాను. చదివింది చేతికి ఎక్కించినవారు మా యూనిట్ పెద్ద సుబ్బరామయ్య సార్. పొట్టి మనిషి, పెద్ద గొంతు. వార్డు ఒక చివర ఆయన తిడితే రెండో చివర నర్సు చేతిలో ట్రే వణికేది. నేను చేరిన కొత్తలో వాచిన మోకాలి చీటీ మీద అందరిలాగే ఫ్లోరైడు అని రాశాను. ఆయన చదివి నా వైపు తిరిగారు.

"ఏమ్మా, ఆ మోకాల్లో ఏముండాదో నువ్వు సూసినావా?"

"లేదు సార్."

"సూడకనే యాల రాసినావు? నన్నడగొద్దు, పుస్తకాన్ని అడగొద్దు. సూది తీసుకోని పోయి ఆ కీలునే అడుగు."

వాచిన కీలు నుంచి సూదితో నీరు తీసి చూడనిదే ఆయన ఎవరినీ పేరు పెట్టనిచ్చేవారు కాదు. ఆ నీటిని చూడటానికి మాకు సరైన సూక్ష్మదర్శిని లేదు. ఆయనే ఊళ్లోని ఫొటో స్టూడియో అతన్ని పట్టుకుని కెమెరాకు బిగించే రెండు పోలరాయిడ్ అద్దాలు సంపాదించారు. ఒకటి లైటు మీద, ఒకటి స్లైడు పైన పెట్టి మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట అంతా చీకటి అవుతుంది. ఆ చీకట్లో యూరిక్ ఆసిడ్ పలుకులు సన్నని సూదుల్లా తళుక్కుమంటాయి. కాల్షియం పలుకులు పొట్టిగా, మొద్దుగా ఉండి మిణుకు మిణుకుమంటాయి. ఓపిక లేనివాడికి అవి కనిపించవు.

మొదటిసారి నాకు పలుకులు కనిపించిన రోజు, "గౌట్ సార్!" అని ఎగిరాను. ఆయన కళ్లద్దాల మీదుగా చూశారు.

"ఎగరొద్దు. పలుకులుంటే చీము ఉండదని ఎవరు చెప్పినారు నీకు? రెండూ ఒకే ఇంట్లో కాపరం జేస్తాయి. కల్చర్ పంపినావా?"

పంపలేదు. క్రిములు పెరుగుతాయేమో చూసే ఆ పరీక్షకు అప్పుడు పంపాను. ఆ రోజు ఆయన తిట్టిన తిట్లు తర్వాత ఎంతమంది ప్రాణాలు కాపాడాయో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఆయన ఇప్పుడు లేరు. ఉన్నప్పుడు ఈ మాట చెబితే, "సాల్లే, వార్డుకు పో" అనేవారు.

తాగని మనిషికి గౌట్

గుంతకల్లులో రైల్వే గార్డుగా రిటైరైన హుసేన్ సాబ్ కాలి బొటనవేలు వాచి మా దగ్గరికి వచ్చారు. చెప్పు వేసుకోలేక ఒక కాలికి గుడ్డ చుట్టుకుని కుంటుతూ వచ్చిన పెద్దమనిషిని మా హౌస్‌సర్జన్ కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, "రోజూ తాగుతారా?"

"ఏమప్పా, అయిదు పూటలా నమాజు జేసే మనిషిని అట్ల అడగొచ్చునా? నా సర్వీసులో పాన్ గూడా ఎరగను నేను!" అని ఆయన లేచి నిలబడబోయి, వేలు నేలకు తగిలి, అల్లా అని మళ్లీ కూలబడ్డారు.

గౌట్ అంటే మందు, మాంసం అని మనకు పాఠం అయిపోయింది. హుసేన్ సాబ్ ఏం మింగుతున్నారో అడిగితే అసలు సంగతి బయటపడింది. ఏళ్లుగా బీపీకి మూత్రం ఎక్కువ చేసే మాత్ర వేసుకుంటున్నారు. ఆ మాత్ర యూరిక్ ఆసిడ్‌ను ఒంట్లోనే పట్టి ఉంచుతుంది. ముసలివాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, గౌట్‌కు ఇదే పెద్ద దారి. ఆ మాత్ర మార్చాం. ఆయన చెవి అంచున సెనగగింజ లాంటి గడ్డ కూడా ఉంది. అది యూరిక్ ఆసిడ్ ముద్ద. ఎన్నాళ్లుగా ఉందంటే, పుట్టుమచ్చ అనుకున్నానమ్మా అన్నారు.

ఈలోపల ఇంట్లో ఆయన భార్య ఖాసింబీ వాళ్లూ వీళ్లూ చెప్పిన వైద్యం మొదలుపెట్టింది. కందిపప్పు వద్దన్నారని పప్పు ఆపింది. టమోటా, పాలకూర, వంకాయ, పెరుగు వరసగా ఆపింది. రెండోసారి వచ్చినప్పుడు ఆయన చొక్కా వదులైపోయింది.

"ఇంగ తినేకి గాలొకటే మిగిల్యాదమ్మా. దాంట్లో గూడా వాతం ఉండాదంటాది ఇది."

పప్పు తినమని, నీళ్లు బాగా తాగమని ఆమెకు చెప్పడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అంతకన్నా కష్టమైంది ఆయన మందు మానకుండా చూడటం. యూరిక్ ఆసిడ్ తగ్గించే మందును కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, మొదటి నెలల్లో పాత ముద్దలు కరుగుతూ మళ్లీ నొప్పి తెస్తాయి. రోగి ఏమనుకుంటాడు? మందే నొప్పి తెచ్చిందని దాన్ని కిటికీలోంచి పారేస్తాడు. హుసేన్ సాబ్ అదే చేశారు. ముందే హెచ్చరించి, ఆ నెలలకు నొప్పి రాకుండా తోడు మందు చిన్న మోతాదులో ఇచ్చి ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు. తర్వాత ఆయన ఎంత పట్టుగా మింగారంటే, గుంతకల్లులో తోటి రిటైర్డు వాళ్లను కూర్చోబెట్టి గౌట్ గురించి ఉపన్యాసాలు ఇచ్చేవారట. మా దగ్గరికి గుంతకల్లు నుంచి వచ్చే ప్రతి పెద్దాయన నోటా, "మేము తాగమమ్మా, ముందే చెప్తాండాము" అనే మాట వినిపించేది.

గొర్రెకు పెట్టే వాత

ఇక ముత్యాలప్ప. ఈ రాతకంతా కారణం ఆయనే.

వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్లలో ఒక ఎండాకాలం. ముదిగుబ్బ పక్క పల్లె నుంచి ఆయన్ని భార్య అంజినమ్మ, కొడుకు రామాంజి తీసుకొచ్చారు. డెబ్బై దాటిన గొర్రెల కాపరి. మేత దొరక్క మందను తోలుకుని చాలా దూరం పోయి, తిరిగొచ్చిన కొద్దిరోజులకే కుడి మోకాలు వాచింది. తర్వాత జ్వరం. మా దగ్గరికి వచ్చేసరికి భార్యను కూడా గుర్తుపట్టడం లేదు. మంచం మీద పడుకుని చెయ్యి ఊపుతూ గొర్రెలను అదిలిస్తున్నాడు.

మోకాలి మీద గుడ్డ విప్పాను. చిప్పకు అటూ ఇటూ అడ్డంగా కాల్చిన వాతలు. ఒకటి పుండై రసి కారుతోంది.

"ఎవరప్పా ఇది పెట్టినది?"

"మా ఊళ్లో పెద్దాయప్ప పెట్టినాడమ్మా," అన్నాడు రామాంజి. "గొర్రెకు కాలు పడితే అట్లే గదా పెట్టేది. గొర్రె లేసి నడుస్తాది."

తిట్టబోయి ఆగాను. ప్రాణంలా చూసుకునే జీవాలకు చేసే వైద్యమే నాయనకూ చేసుకున్నారు. ఆయన నోరు తెరిపించి చూస్తే నాలుక చెక్కలా ఉంది. చర్మం పట్టి లాగితే లేచినది లేచినట్టే నిలబడింది.

"నీళ్లు తాపలేదా?"

అంజినమ్మ నోరు విప్పింది. "మోకాల్లో నీళ్లు జేరినాయి గదా డాక్టరమ్మా. నీళ్లు ఇస్తే ఇంగా ఊరతాదంట. సంగటి పెడతాండా. నీళ్లు రవ్వంత, గొంతు తడిసేకి, అంతే."

"మా ఊరి బోరు నీళ్లు కీళ్లు తింటాయని గోడ మింద గూడా రాసిపోయినారమ్మా," అని రామాంజి అందుకున్నాడు.

ఫ్లోరైడు గురించి మంచి కోసం రాసిన రాత అది. వేరే మంచినీళ్లు తెచ్చుకోండని చెప్పాల్సింది వాళ్ల చెవిలో పడేసరికి నీళ్లే వద్దని పడింది. బయట తీయించిన ఎముక ఫొటో రామాంజి సంచిలో ఉంది. కవరు మీద ఎవరో ఫ్లోరైడు అని రాసి ఉన్నారు. ఫొటోను వెలుగుకు ఎత్తి చూస్తే, మోకాలి ఎముకల మధ్య ఖాళీగా కనిపించాల్సిన మెత్తటి పొరలో సన్నని తెల్లగీత. ఫ్లోరైడు అక్కడ అంత సన్నగా గీత గీయదు. అది కాల్షియం పలుకుల సంతకం.

కత్తా, సూదా

ఎముకల డాక్టరు విశ్వనాథ్ నా స్నేహితుడు, మంచి సర్జను. చూడగానే, "ఇది చీము. వాతపుండు లోంచి లోపలికి పోయింది. ఈరోజే తెరిచి కడగాలి" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. నిజంగా చీమైతే, మనం ఆలోచిస్తూ కూర్చునే కొద్దీ కీలును తినేస్తుంది. కాలు పోవచ్చు, మనిషే పోవచ్చు. చీము కాకపోతే? ఒళ్లు ఎండి, కిడ్నీలు మొరాయిస్తున్న ముసలివాడికి మత్తిచ్చి మోకాలు కోస్తాం. బతికినా కాలు కర్రలా బిగుసుకుపోతుంది. గొర్రెల వెంట నడవలేని కాపరి ఇంట్లో కూర్చుని ఏమవుతాడో నేను పుట్టిన ఊళ్లో చూశాను.

సూది వేద్దామంటే వాతలు అడ్డం. పుండు మీదుగా సూది పోనిస్తే లేని చీమును మనమే లోపలికి పంపినట్టు. సుబ్బరామయ్య సార్ వచ్చి మంచం మీద కూర్చుని, మోకాలి చుట్టూ వేలితో తడుముతూ పోయారు. చిప్పకు పైన, బయటి వైపు, రెండు వేళ్ల వెడల్పు చర్మం బాగుంది.

"ఈడ గుచ్చు," అన్నారు నాతో.

"మీరు వేయండి సార్."

"నేను ఎన్నాళ్లుంటానమ్మా? నువ్వు గుచ్చు. నేను కాలు పట్టుకుంటా."

అంత కోపిష్టి మనిషి రోగి కాలిని పసిబిడ్డ కాలిలా రెండు చేతుల్లో పట్టుకున్నారు. సిరంజిలోకి చిక్కటి, మబ్బు పట్టిన పసుపు నీరు వచ్చింది. విశ్వనాథ్ నిట్టూర్చి, "ఇంకేం చూడాలి?" అన్నాడు. నేను సిరంజి పట్టుకుని ల్యాబుకు పరుగెత్తాను. రెండు అద్దాలు తిప్పుతూ పోయాను. మొదట ఏమీ లేదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, తెల్లకణాల కడుపులో పొట్టి పొట్టి పలుకులు మిణుక్కుమన్నాయి. క్రిములు ఒక్కటీ కనిపించలేదు. ఈసారి నేను ఎగరలేదు.

ముగ్గురం వరండాలో నిలబడి తెగ వాదించుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. కల్చర్ ఫలితం వచ్చేదాకా చీము ఉందనే అనుకుని యాంటీబయాటిక్ ఇస్తాం. కీలులో నీరు ఊరినప్పుడల్లా సూదితో తీసేస్తాం. ఒంటికి నీళ్లు ఎక్కిస్తాం, గుండె తట్టుకునేంత వేగంలోనే. పరిస్థితి దిగజారితే విశ్వనాథ్ ఆ క్షణమే కత్తి పడతాడు. నొప్పికి మామూలు మాత్రలు ఇవ్వం, ఆ కిడ్నీలకు అవి విషం. ఇది బాగా గుర్తుంచుకోండి. ముసలివాళ్ల మోకాలి నొప్పి కన్నా దానికోసం ఊరి షాపులో కొనుక్కున్న మాత్రలే ఎక్కువమందిని మా వార్డుకు పంపాయి. కీలులోకి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా కల్చర్ చూశాకే. అప్పటిదాకా కాలికి ఆసరా, మోకాలి మీద ఐసు. ఆ ఎండల్లో ఐసు కోసం రామాంజి సోడా కొట్టు చుట్టూ తిరిగాడు.

మూసిన గొట్టం

సాయంత్రం నర్సు వచ్చి, ముత్యాలప్ప సెలైను ఎక్కడం లేదు మేడమ్ అంది. సూది సరిగానే ఉంది. గొట్టానికున్న చక్రం పూర్తిగా బిగించి ఉంది. తెరిచాను. కాసేపటికి మళ్లీ బిగించి ఉంది. అప్పుడు అంజినమ్మ వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"ఏమ్మా, నువ్వేనా?"

"అన్ని నీళ్లు ఎక్కిస్తే కాలు పగిలిపోదా డాక్టరమ్మా?" అంది, ఏడుపు ఆపుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ చెయ్యి చూశాను. చక్రం బిగించిన చేతితోనే మొగుడి పాదాన్ని వదలకుండా పట్టుకుని ఉంది. ఆమె పక్కన కూర్చున్నాను.

"మీ ఇంట్లో బోరు నీళ్లు కాస్తావు గదా. సట్టి అడుగున తెల్లగా కడతాదా లేదా?"

"గార కడతాది. గోకినా పోదు."

"నీళ్లు నిండుగా ఉన్నెప్పుడు కడతాదా, ఇగిరిపోయేటప్పుడు కడతాదా?"

ఆమె ఆలోచించింది. "ఇగిరినప్పుడే."

"ఈయప్ప మోకాల్లో గూడా అట్లాంటి గారే కట్టింది. ఎండల్లో తిరిగి ఒళ్లు ఇగిరిపోయింది, ఆ గార రేగి వాచింది. మోకాల్లో ఉండేది ఈయప్ప తాగిన నీళ్లు కాదు. ఒంట్లో నీళ్లు తగ్గితే గార ఇంగా రేగుతాది."

శాస్త్రం ఇంత సులువు కాదని నాకు తెలుసు. కానీ ఆ చక్రం తెరుచుకోవాలంటే ఆ మాట చాలు. ఆమె లేచి, తన చేత్తోనే చక్రం తిప్పింది. చుక్కలు పడటం మొదలయ్యాక వాటినే చూస్తూ నిలబడింది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"అట్లయితే నేనేనా సంపుతాంటినది? నీళ్లు నీళ్లు అని మొత్తుకుంటాంటే పొయ్యకపోతి."

"నువ్వు బతికించుకోవాలనే చేసినావు. ఈడికి తెచ్చింది గూడా నువ్వే," అన్నాను. ఆమె విన్నదో లేదో. వెళ్లి మంచం కోడు పక్కన కింద కూర్చుంది. ఆ తర్వాత ఆ చక్రాన్ని ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాసింది ఆమే.

పొద్దున రౌండు

జ్వరం దిగింది. రెండోసారి తీసిన నీరు మొదటిదానికన్నా పలచగా వచ్చింది. కల్చర్ ఫలితాన్ని ల్యాబు నుంచి విశ్వనాథే స్వయంగా తెచ్చాడు. ఏ క్రిమీ పెరగలేదు. "నా కత్తికి పని లేదులే, పో," అన్నాడు, నాకన్నా ఎక్కువ సంతోషంతో. తన మాట నెగ్గనందుకు సంతోషించే సర్జన్లు ఎక్కువమంది ఉండరు. అలాంటివాడు పక్కన ఉండబట్టే మేము ఆగగలిగాం. ఆ మధ్యాహ్నం సుబ్బరామయ్య సార్ చూస్తుండగా, ఆ రెండు వేళ్ల చోటులోంచే ముత్యాలప్ప కీలులోకి ఇంజెక్షన్ వేశాను.

మరునాడు రౌండుకు వెళ్లేసరికి ఆయన లేచి కూర్చుని ఉన్నాడు. కళ్లలో తేటదనం వచ్చింది. గొర్రెలను ఎవరు తోలుతున్నారని కొడుకును అడుగుతున్నాడు. కాలు మడవమంటే మడిచాడు. మంచం పట్టుకుని మెల్లగా దిగి, ముందు ఎడమ కాలి మీద, తర్వాత కుడి కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. వాత మీద కట్టు తప్ప ఆ మోకాలు మళ్లీ మోకాలులా ఉంది. సార్ నా భుజం తట్టి పక్క మంచానికి వెళ్లిపోయారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

ముత్యాలప్ప మళ్లీ కూర్చున్నాడు. అంజినమ్మ చెంబులోంచి గ్లాసు నిండా నీళ్లు వంచి ఇచ్చింది. ఆయన తీసుకోలేదు.

"డాక్టరమ్మా, ముందు దీనికి తాపియ్యి," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నాకు నీళ్లు ఇయ్యొద్దన్న కాణ్నుంచి ఇది గూడా తాగల్యా. నాకు పోసినట్లే, గొంతు తడిసేకి రవ్వంత. నాకు తెలివి ల్యాదనుకున్యాది. నేను సూస్తానే ఉంటి."

అప్పుడు చూశాను అంజినమ్మను. పెదాలు పగిలి నల్లగా ఉన్నాయి. కళ్లు లోపలికి పోయాయి. ఇన్ని రోజులు ఆ మంచం దగ్గరికి వచ్చి నాలుక చూశాం, నాడి చూశాం, మూత్రం ఎంత వచ్చిందో చూశాం. మంచం పక్కన కూర్చున్న మనిషిని ఒక్కరం చూడలేదు.

"ఏమ్మా, నీకేం జబ్బని తాగలేదు?"

"ఆయప్పను ఎండగట్టి నా గొంతులోకి ఎట్ల దిగుతాదమ్మా?" అంది, అదేదో అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు. "ఇప్పుడు తాగుదామన్నా బుద్ధి పుట్టల్యా. నేను జేసిన పనికి."

ముత్యాలప్ప ఆమె చేతిలోని గ్లాసును ఆమె నోటి దగ్గరికి తోశాడు. "తాగు," అన్నాడు. గొర్రెలను అదిలించే గొంతే అది. వార్డంతా చూస్తోంది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని గ్లాసు ఎత్తింది, దించకుండా తాగింది. ఆయన చెంబు అందుకుని మళ్లీ వంచాడు. అదీ తాగింది. అడుగంటా తాగిందో లేదో ఆయన గ్లాసులోకి తొంగి చూశాడు.

తర్వాత తన చెయ్యి చాపాడు.

"ఇంగ నాకు పొయ్యి."